పాత జీపు, జిప్సీ కొనాలంటే: బానెట్ చివర్లో తెరవండి

పాత జీపు చూడటానికి వెళ్లినవాళ్లు దాదాపు అందరూ ముందుగా చేసేది బానెట్ ఎత్తించడం. ఆ వెంటనే "ఒకసారి స్టార్ట్ చెయ్యన్నా" అంటారు. ఇంజిన్ గుర్రుమని లేవగానే మనసు అక్కడే పడిపోతుంది. ఆ తర్వాత ఎన్ని లోపాలు కనపడినా, పిల్ల నచ్చాక జాతకాలు కలుపుకున్నట్టు మనమే సర్దిచెప్పుకుంటాం.

నా మొదటి జీపు నేనూ అలాగే కొన్నాను. పరకాల దగ్గర ఒక ఊళ్లో చింతచెట్టు కింద నిలబెట్టిన మహీంద్రా ఎమ్ఎమ్ 540. ఆలివ్ గ్రీన్ రంగు, కొత్త టైర్లు, ముందు గూడ్స్ రైలుకు ఉన్నంత బంపరు. రెండు వారాల తర్వాత పాకాల వైపు పోతూ ఒక ఒర్రె దాటుతుంటే ఇసుకలో దిగబడింది. నాలుగు చక్రాలకూ బలం ఇచ్చే ఫోర్ వీల్ లివర్ వేశాను. వెనక చక్రాలు గిర్రున తిరిగి ఇంకా లోతుకు పోయాయి, ముందువి ఉలకలేదు. ట్రాక్టర్‌తో లాగించుకుని వరంగల్ తెచ్చి చూపిస్తే, మెకానిక్ ముందు హౌసింగ్ విప్పి నవ్వాడు. లోపల ముందు చక్రాలను తిప్పే యాక్సిల్ షాఫ్టులే లేవు. ఎవరో ఎప్పుడో పీకేసి, మూతలు బిగించి, మీద గ్రీజు పూసి వదిలేశారు. "తమ్మీ, నువ్వు ఇంజిన్ కొన్నవు, జీపు కొనలే" అన్నాడు.

అప్పటి నుంచి నా వరస తిరగబడింది. ముందు కాగితం, తర్వాత చాసీ, తర్వాత ఫోర్ వీల్, ఆఖర్న ఇంజిన్. ఇంజిన్ పాడైతే డబ్బు పెట్టి బాగు చేయించుకోవచ్చు. చెల్లని కాగితానికి, కుళ్లిన చాసీకి డబ్బు పెట్టినా చాలాసార్లు దారి దొరకదు.

ఏ బండి చూస్తున్నారో తేల్చుకోండి

మన వైపు అమ్మకానికి వచ్చేవి ముఖ్యంగా మూడు రకాలు. మొదటిది మహీంద్రా పాత జీపులు. 1947లో విల్లీస్ జీపుల విడిభాగాలు తెప్పించి ఇక్కడ బిగించడంతో మొదలైన వంశం ఇది. ఎమ్ఎమ్ 540, 550, మేజర్, కమాండర్, క్లాసిక్ అన్నీ ఆ ఇంటివే. రెండోది మారుతి జిప్సీ. 1985 చివర్లో 970 సీసీ పెట్రోల్ ఇంజిన్‌తో వచ్చింది. 1996లో 1300 సీసీ జిప్సీ కింగ్ అయింది, 2000 ప్రాంతంలో కార్బ్యురేటర్ పోయి ఎంపీఎఫ్ఐ (ఇంజెక్టర్లతో పెట్రోల్ చిమ్మే పద్ధతి) వచ్చింది. మూడోది 2010లో మొదలై 2020 దాకా నడిచిన మొదటి తరం థార్.

మొదటిసారి కొనేవారికి నా సలహా డీఐ (డైరెక్ట్ ఇంజెక్షన్ డీజిల్) ఇంజిన్ ఉన్న మహీంద్రా. అది అందంగా నడవదు, ట్రాక్టర్ లాగా మోగుతుంది. కానీ ఆ ఇంజిన్ బొలెరోల్లో, పికప్పుల్లో కూడా నడిచింది కాబట్టి నర్సంపేటలో అయినా, జన్నారంలో అయినా దాన్ని విప్పి బిగించగల చెయ్యి దొరుకుతుంది. పాత 540ల్లోని 2.1 లీటర్ల ప్యూజో డీజిల్ మెత్తని ఇంజినే గాని సామాన్ల కోసం తిరగాలి. జిప్సీ తేలిక, బురదలో మేకపిల్లలా దాటుతుంది. కానీ రేకు పలచన, తుప్పు దానికి పుట్టుకతో వచ్చిన జబ్బు.

కమాండర్ విషయంలో ఒక మాట. ఏజెన్సీ రూట్లలో జనాన్ని వేలాడేసుకుని తిరిగిన జీపుల్లో ఇవే ఎక్కువ. చాలావాటికి ఫోర్ వీల్ ఉండదు. పసుపు నంబర్ ప్లేటు మీద నడిచిన బండిని సొంత బండిగా మార్చారంటే, ఆ మార్పు ఆర్సీలో కూడా జరిగిందో లేదో చూడాలి.

"ఒరిజినల్ విల్లీస్" అని ఎవరైనా అంటే ఇంకా నెమ్మదిగా ఉండండి. యుద్ధకాలపు విల్లీస్ 1941 నుంచి 1945 మధ్య తయారైనవి. హర్యానాలో పంజాబ్ సరిహద్దున ఉన్న మండీ డబ్వాలీలో ఓపెన్ జీపులు తయారుచేసే షెడ్లు వరసగా ఉంటాయి. పాత చాసీ మీద కొత్త బాడీ, ఏదో ఒక డీజిల్ ఇంజిన్ పెట్టి లారీ మీద పంపిస్తారు. చూడముచ్చటగా ఉంటాయి, కాదనను. ఆ బాడీకి, ఆ ఇంజిన్‌కి, ఆర్సీకి పొంతన ఉందా అన్నదే ప్రశ్న.

కాగితాలు: ఇంట్లో కూర్చునే చూడండి

బండి దగ్గరికి వెళ్లకముందే ఆర్సీ ఫోటో వాట్సాప్‌లో తెప్పించుకోండి. నంబరు ఎంపరివాహన్ యాప్‌లో కొడితే రిజిస్ట్రేషన్ గడువు, ఇన్సూరెన్స్, ఫైనాన్స్ ఉందా లేదా కనిపిస్తాయి. ట్రాఫిక్ చలాన్లు తెలంగాణ పోలీసుల ఈ-చలాన్ సైట్‌లో విడిగా చూడాలి. ఫోటో పంపడానికి నసిగే మనిషి దగ్గరికి పెట్రోల్ పోసుకుని పోవడం దండగ.

సొంత బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. ఆ తర్వాత ఐదేసి ఏళ్లకు రెన్యువల్ చేయించాలి. దానికి బండి ఫిట్‌నెస్ పాస్ కావాలి, గ్రీన్ ట్యాక్స్ కట్టాలి. 2022 ఏప్రిల్ 1 నుంచి కార్లు, జీపుల రెన్యువల్ ఫీజు 600 నుంచి 5,000 రూపాయలు అయింది. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటిన వాటికి 10,000 చేశారు. ఆలస్యమైతే నెలల లెక్కన అదనం. కాబట్టి "ఆర్సీ అయిపోయింది గానీ చిన్న పనే అన్నా" అంటే, ఆ చిన్న పని అమ్మేవాడినే చేయించి ఇమ్మనండి. చేయలేనంటే దాని ఖర్చు ధరలో కోయండి. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు బండి నిలబడదేమో అన్న అనుమానం ఉంటే మాత్రం కోతలు వద్దు, వదిలేయండి.

ఇంతకంటే పెద్ద తలనొప్పి పేరుది. ఆర్సీలో ఒకరి పేరు, అమ్మేది ఇంకొకరు. మధ్యలో ముగ్గురు చేతులు మారి ఉంటుంది. ఫారం 29, 30 మీద ఖాళీ సంతకాలు పెట్టి ఒకరి నుంచి ఒకరికి దాటిస్తూ వస్తారు. ఆర్సీలో ఉన్న పెద్దాయన కాలం చేసి ఉంటే ఆ సంతకాలకు విలువ లేదు. వారసులు ఫారం 31 మీద తమ పేరుకు మార్చుకున్నాకే మీకు అమ్మగలరు. అలాంటి ఇంట్లో అన్నదమ్ములు ముగ్గురుంటే ముగ్గురితోనూ మాట్లాడాలి. "పెద్దన్న ఒప్పుకున్నడు" అంటే సరిపోదు.

ఢిల్లీ బండ్లు చవకగా వస్తాయి. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బండ్లపై 2014-15 నుంచి ఆంక్షలు ఉండటమే దానికి కారణం. బండి బాగుండవచ్చు. కానీ అక్కడి ఆఫీసు ఇచ్చే ఫారం 28 ఎన్‌ఓసీ చేతిలో లేకుండా ఒక్క రూపాయి ఇవ్వకండి. ఇక్కడికి తెచ్చాక లైఫ్ ట్యాక్స్ మళ్లీ పడుతుంది. ఆ లెక్క ముందే వేసుకోకపోతే చవక కాస్తా ప్రియమవుతుంది.

పోలీసు శాఖవి, అటవీ శాఖవి అని చెప్పే జీపులు ఇంకో రకం. 2023 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వ వాహనాలకు 15 ఏళ్లు నిండితే రిజిస్ట్రేషన్ రెన్యువల్ లేదు, అవి తుక్కుకే పోవాలి. అంతకుముందే వేలంలో అమ్ముడై, సొంత పేరు మీదికి మారిన బండి వేరు. "మిలిటరీ డిస్పోజల్ అన్నా, కాగితం తర్వాత వస్తది" అనే బండిని మాత్రం ఎంత ముచ్చటగా ఉన్నా తాకకండి. వేలం పత్రాలు, వాటి మీద చాసీ నంబరు, ఆపైన మన ఆర్టీఓ రిజిస్ట్రేషన్ ఉంటేనే అది బండి. లేకపోతే ఇనుము.

మార్పుల సంగతి చెప్పి ముందుకు పోదాం. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపం మారిస్తే ఒప్పుకోరు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇదే మాట గట్టిగా చెప్పింది. ఇంజిన్ మార్చి ఉంటే, ఆ కొత్త నంబరు ఆర్సీలో ఎక్కి ఉండాలి. జిప్సీలో ఎస్టీమ్ ఇంజిన్ పెట్టినవి చాలా దొరుకుతాయి. నడవడానికి హాయిగా ఉంటాయి, ఆర్సీలో మాత్రం పాత నంబరే ఉంటుంది.

వెళ్లేటప్పుడు

పొద్దున్నే వెళ్లండి. ఇంజిన్ వేడి చేయొద్దని ముందు రోజే ఫోన్‌లో చెప్పండి. సంచిలో టార్చి, అయస్కాంతం, టేపు, పెద్ద స్క్రూడ్రైవర్, పడుకోవడానికి గోనెపట్టా వేసుకోండి. తెల్ల చొక్కా వేసుకుని పోయినవాడు కింద దూరడు, ఇది నేను చాలాసార్లు చూశాను.

చాసీ: అసలు పని ఇక్కడే

మొదట నంబరు. ఫ్రేమ్ మీద కొట్టిన చాసీ నంబరును గుడ్డతో తుడిచి, ఆర్సీతో అక్షరం అక్షరం కలపండి. చుట్టూ గ్రైండర్ గీతలు, కొత్త పెయింట్, వెల్డింగ్ మచ్చ ఉంటే ఆగిపోండి. తెల్లకాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింట్ తీసుకోండి, ఆఫీసులోనూ ఇదే చేస్తారు. అంకెల లోతు, వరస ఒకేలా ఉండాలి.

తర్వాత కింద పడుకోండి. ముందు నుంచి వెనక్కి చాసీ రెండు దూలాల్నీ చూస్తూ పొండి. కమాన్ కట్టలు (లీఫ్ స్ప్రింగులు) తగిలించే బ్రాకెట్ల దగ్గర, స్టీరింగ్ బాక్సు బిగించిన చోట, అడ్డబద్దెలు కలిసే మూలల్లో సన్నని పగుళ్లు వస్తాయి. ముఖ్యంగా స్టీరింగ్ బాక్సు దగ్గర. పాత జీపుల్లో ఆ చోట ఒకసారైనా వెల్డింగ్ పడని బండి అరుదు. పని శుభ్రంగా, వెనక పట్టీ వేసి చేసి ఉంటే నేను పట్టించుకోను. మట్టి పూసి దాచిన వెల్డింగ్ అయితే అమ్మేవాడి మాటలన్నీ మళ్లీ తూచాలి.

స్క్రూడ్రైవర్ పిడితో దూలం పొడవునా కొట్టుకుంటూ పోండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది. తిన్న ఇనుము దబ్‌మంటుంది. జిప్సీ ఫ్రేమ్ పెట్టెలా మూసి ఉంటుంది కాబట్టి లోపలికి పోయిన మట్టి బయటికి రాదు. నల్లరేగడి చేలల్లో తిరిగిన బండి అయితే ఆ మట్టి వానాకాలమంతా తడి పట్టుకుని, ఫ్రేమ్‌ను లోపలి నుంచి తింటుంది. బయట నిగనిగలాడే నల్ల పెయింట్ చూసి మోసపోకండి, కొత్తగా కొట్టిన అండర్ కోటింగ్ నాకు ఎప్పుడూ అనుమానమే.

ఇప్పుడు టేపు తీయండి. చక్రాలు నేరుగా ఉంచి, కుడి ముందు చక్రం మధ్య నుంచి కుడి వెనక చక్రం మధ్యకు కొలవండి. ఎడమవైపూ అంతే. సెంటీమీటరు మించి తేడా వస్తే కమాన్ సెంటర్ బోల్టు తెగి యాక్సిల్ జరిగిందా, లేక ఫ్రేమే వంగిందా తేల్చాలి. మొదటిది చిన్న పని. రెండోది అయితే టీ తాగి వచ్చేయండి.

బాడీకి అయస్కాంతం. రంగు గీతపడకుండా పలచని గుడ్డ చుట్టి తలుపుల కింద, వెనక చక్రాల పైన, అద్దం ఫ్రేమ్ అడుగున ఆనించండి. పట్టు తప్పిన చోటల్లా పుట్టీయే. కాళ్ల కింద మ్యాట్ ఎత్తండి. జిప్సీలో డ్రైవర్ పాదాల కింద రేకు చిల్లిపడి, దాని మీద ఇంకో రేకు రివిట్ కొట్టి ఉంటుంది. బాడీ తుప్పును నేను క్షమిస్తాను, టింకరింగ్ చేసే చేతులు మనకు కొరత లేదు. ఫ్రేమ్ తుప్పును క్షమించను.

నీళ్లలో మునిగిన బండా?

ఇది మన జిల్లాల్లో ప్రత్యేకంగా అడగాల్సిన ప్రశ్న. 2023 జులై చివర్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగింది. 2024 సెప్టెంబరు మొదట్లో మహబూబాబాద్, ఖమ్మం వైపు వరద. ఆ నీళ్లలో నిలబడిన బండ్లు కడిగించుకుని చేతులు మారుతూనే ఉంటాయి.

సీటు బెల్టు చివరిదాకా లాగండి, లోపలి భాగంలో మట్టి చార కనిపిస్తుంది. డ్యాష్‌బోర్డు వెనక వైర్ల ముడుల్లో చేయి పెట్టి చూడండి, బంకమట్టి పొడి వేళ్లకు అంటుతుంది. అసలు పరీక్ష గేరు బాక్సు, డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్యలో ఉండే గేర్ల ఉండ) ఆయిల్. ఫిల్లర్ బోల్టు విప్పి వేలు పెట్టి తీస్తే, పాలు ఎక్కువైన చాయ్ రంగులో ఉంటే నీళ్లు పోయినట్టే. రెండింటి బేరింగులూ లెక్కలో వేసుకోండి. బోల్టు విప్పనివ్వనంటే ఆయిల్ రంగు చూడకుండానే తెలిసిపోయినట్టు.

నాలుగు చక్రాలూ తిరుగుతాయా?

నన్ను ముంచింది ఇదే కాబట్టి కాస్త విడమరిచి చెప్తాను. లివర్ పడటం, ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ తిరగడం రెండూ చాలవు. నా 540లో రెండూ భేషుగ్గా జరిగాయి.

గట్టి నేల మీద బండి ఆపి వెనక చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టండి. ముందు యాక్సిల్ ఎత్తి, స్టాండ్ల మీద ఆనించండి. ఒట్టి జాకీని నమ్మి చేతులు పెట్టొద్దు. ఇంజిన్ ఆపి ఉండాలి. ఏదో ఒక గేరులో వేసి, ఫోర్ వీల్ లివర్ వేయండి. ముందు చక్రాలను యాక్సిల్‌తో కలిపే హబ్ లాకులు ఉన్న బండి అయితే రెండూ లాక్ చేయండి. ఇప్పుడు కుడి ముందు చక్రాన్ని చేత్తో ముందుకు తిప్పండి. ఎడమ చక్రం వెనక్కి తిరగాలి. తిరిగితే షాఫ్టులు, జాయింట్లు, క్రౌన్ అన్నీ ఉన్నట్టు. కుడిది ఒంటరిగా తిరుగుతూ ఎడమది కదలకపోతే లోపల ఏదో లేదు, లేదా విరిగింది. తిప్పుతున్నప్పుడు టకటక వినిపిస్తే జాయింట్ అరిగింది.

ఆ తర్వాత నడిపి చూడాలి. తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేసి మలుపు తిప్పకండి. ఈ బండ్లలో మధ్య డిఫరెన్షియల్ ఉండదు కాబట్టి ముందు, వెనక చక్రాలు ఒకదాన్నొకటి గుంజుకుని గేర్ల మీద భారం పడుతుంది. దున్నిన చెలకో, చెరువు శిఖంలో ఎండిన ఇసుకో వెతకండి. అడవిలోకి మాత్రం పోవద్దు. ఏటూరునాగారం, కవ్వాల్ అభయారణ్యాల్లో అనుమతి లేకుండా తిప్పితే కేసు, బండి పరీక్ష కాదు.

బండి పూర్తిగా ఆపి లో రేంజ్‌లో (వేగం తగ్గించి బలం పెంచే గేరు) వేసి, మొదటి గేరులో యాక్సిలరేటర్ తొక్కకుండా వదిలితే మనిషి నడిచే వేగంతో గట్టు ఎక్కాలి. తర్వాత దిగండి, బ్రేకు తొక్కకుండా. దిగేటప్పుడు లివర్ తనంతట తాను న్యూట్రల్‌లోకి దూకితే ట్రాన్స్‌ఫర్ కేసులో (ముందు, వెనక యాక్సిళ్లకు బలం పంచే గేర్ల పెట్టె) గేర్లో ఫోర్కో అరిగినట్టు. అమ్మేవాళ్లు లివర్‌ను మోకాలితో ఆనించి పట్టుకుంటారు, వాళ్ల కాలు కూడా గమనించండి.

సామాన్ల విషయం: నా బండికి షాఫ్టుల కోసం వరంగల్, కరీంనగర్ తుక్కు దుకాణాలన్నీ ఐదు నెలలు తిరిగాను. "దొరుకుతయి అన్నా" అన్న మాటకు ఐదు నెలలు అని అర్థం.

స్టీరింగ్, బ్రేకులు

ముందు చక్రం ఎత్తి ఉండగానే పైనా కిందా పట్టుకుని ఊపండి. ఊగితే, పక్కవారిని బ్రేకు తొక్కమని మళ్లీ ఊపండి. ఊగడం పోతే వీల్ బేరింగ్, అప్పటికీ ఊగితే కింగ్ పిన్ బేరింగ్. జిప్సీలో 50-60 వేగం దగ్గర ఒక గుంత తగలగానే స్టీరింగ్ పిచ్చెక్కినట్టు కొట్టుకోవడానికి ఎక్కువసార్లు ఇదే కారణం. ప్రాణం మీదికి వచ్చే జబ్బే గాని, వైద్యం ఖరీదు పెద్దది కాదు. అందుకే బేరానికి బాగా పనికొస్తుంది. పాత మహీంద్రాల్లో నాలుగూ డ్రమ్ బ్రేకులే. ఒకవైపు లాగడం, రెండుసార్లు తొక్కితేగాని పట్టకపోవడం సరిచేయదగ్గవే.

ఇప్పుడు బానెట్

ఇంజిన్ మీద చేయి పెట్టండి. చెప్పినా వినకుండా వేడి చేసి ఉంచితే చల్లటి స్టార్టింగ్‌లో ఏదో దాస్తున్నట్టే. స్టార్ట్ చేశాక ఆయిల్ పోసే మూత తీయండి. అక్కడి నుంచి పొగ బుస్సు బుస్సుమని కొడితే బ్యాక్ కంప్రెషన్, రింగులు పోయాయి. సైలెన్సర్ నుంచి నీలం పొగ ఆయిల్ కాలుతోందని చెబుతుంది. వేడెక్కాక కూడా ఆగని తెల్లపొగ, రేడియేటర్‌లో బుడగలు కలిసి వస్తే హెడ్ గాస్కెట్ పోయినట్టు. నల్లపొగ ఒక్కటే అయితే నాజిళ్లు, పంపు చూపించుకోవచ్చు. ఈ బండ్లు మే నెల ఎండలో ఏం చేస్తాయో తెలియాలంటే అరగంట తక్కువ కాకుండా నడపాలి, మధ్యలో ఒక గుట్ట ఎక్కాలి. జిప్సీకి టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారో బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్క.

బేరం

చూసినవన్నీ కాగితం మీద మూడు వరసల్లో రాయండి. నడపాలంటే ఇప్పుడే కావాల్సినవి: బ్రేకులు, స్టీరింగ్, టైర్లు. ఆరు నెలలు ఆగగలిగేవి: సీళ్లు, కమాన్ బుష్‌లు, క్లచ్. ముచ్చటకు చేయించుకునేవి: రంగు, హుడ్, సీట్లు. మెకానిక్‌ను అడిగి ఖర్చు వేయించి, మొదటి వరస మొత్తం ధరలోంచి తీసేయండి, రెండోది సగం తీసేయండి, మూడోది మీ సరదా. టైరు పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది, 1419 అంటే 2019లో 14వ వారం. గోళ్లు (ట్రెడ్) బాగున్నా ఆరేడేళ్లు దాటిన రబ్బరుకు విలువ కట్టకండి.

పెద్ద బంపరుకు, లైట్ల బారుకు కూడా పైసా కట్టొద్దు. అలాంటి క్రాష్ గార్డుల మీద చర్య తీసుకోమని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది, పీకే ఖర్చు మీదే అవుతుంది.

బేరం కుదిరితే అడ్వాన్స్ ఇచ్చేముందు తెల్లకాగితం మీద తేదీ, చాసీ నంబరు, ఇంజిన్ నంబరు, పూర్తి ధర, ఇచ్చిన మొత్తం రాయించి సంతకం తీసుకోండి. మిగతా డబ్బు, ఆర్సీలో పేరున్న మనిషి పేరు మార్పు స్లాట్ రోజున మీతో పాటు ఆర్టీఓ ఆఫీసుకు వచ్చి పని పూర్తయ్యాకే ఇస్తానని అందులోనే రాయండి. నేను ఆ రోజు పొద్దున ఫోన్ చేసి, "బాపూ, బయలుదేరినవా?" అని అడిగి, ఆయన బస్సు ఎక్కాకే ఏటీఎమ్‌కు పోతాను.